చింతన్ చేసే పనుల జాబితా

పద్నాలుగో నంబరు గదిలో స్నానపు తొట్టి జాలీలోంచి బాతు ఈకలు పీకుతున్నాను. నా భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడి, తను చేస్తున్న ఉద్యోగం ఏమిటో రాసిపెట్టమని నన్నడిగాడు.

"నవ్వకు. అర్జీకి శుక్రవారంలోగా కావాలిట. నేనిక్కడ చేసే పనులన్నీ వరసగా ఒక కాయితం మీద రాసివ్వు. యజమానిగా కాకా దాని కింద సంతకం పెడతాడు" అన్నాడు చింతన్.

నేను నవ్వలేదు. చేతి నిండా తడి ఈకలున్నాయి.

"నువ్వు చేసే పనులు నీకు తెలీవా?"

"తెలుసు. రాయడం నీకు బాగా వచ్చు కదా. వీసా కన్సల్టెంటు కూడా అదే అన్నాడు. మీ ఆవిడ చేత రాయించండి, ఇక్కడే చదువుకుంది కదా అని."

అక్టోబరంతా వేటగాళ్ళ కాలం. వలస బాతుల కోసం ఎక్కడెక్కడి నుంచో ట్రక్కులేసుకుని వస్తారు. గదుల్లో పిట్టలను కొయ్యరాదని ప్రతి తలుపు వెనకా పెద్దక్షరాలతో నేనే రాసి అంటించాను. ఆ కాయితం పక్కనే కూర్చుని కోస్తారు. తొట్టికి నెత్తురు పట్టి ఎండితే ముందు చన్నీళ్ళు పొయ్యాలి. వేణ్ణీళ్ళు పోస్తే మరక ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. చింతన్‌కి తెలీదు. తెలియాల్సింది అతనికే. కాయితాల ప్రకారం ఈ మోటెల్ మేనేజర్ అతను.

తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. తడి నేల మీద ఏడు బూటు గుర్తులు మిగిలాయి. తుడిచాను.

కెనడాలో చదువు ముగించి తాత్కాలిక పర్మిట్ మీద పనిచేసే వాళ్ళందరం ఒకే లెక్క వేసుకుని బతుకుతాం. ఆ పర్మిట్ ఒక్కసారే ఇస్తారు. నాకిచ్చింది మూడేళ్ళకి. అది అయిపోయేలోగా చదువుకు తగిన పని పన్నెండు నెలలు చేసినట్టు చూపించాలి. జీతం చీటీలు మన పేరున ఉండాలి. ఏమేం పనులు చేశామో, వారానికి ఎన్ని గంటలు చేశామో యజమాని రాసి సంతకం పెట్టిన ఉత్తరం ఉండాలి. అప్పుడు శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. జీతం లేని పని పని కాదు. అది ప్రభుత్వం మాట. మా ఇంట్లో కూడా అదే మాట.

చదువుకున్నది నేను. రెజీనా నగరంలో రెండేళ్ళు, ఆఫీసు నిర్వహణ కోర్సు. చింతన్ గుజరాత్‌లో మా ఊరు ఆనంద్‌లో పాల డిపో ఉద్యోగం మానేసి, నా రెండో సెమిస్టరులో వచ్చాడు. చదువుకుంటున్న ఆవిడ భర్త అని వీసా ఇచ్చారు. ఇప్పటికీ అతని పర్మిట్ నా పర్మిట్‌ని పట్టుకుని వేలాడుతోంది. నాది ఏ రోజు చస్తే అతనిదీ ఆ రోజే చస్తుంది. అయినా మా అత్తగారు పెళ్ళిళ్ళలో అందరికీ చెప్పే మాట ఇది: "మా చింతన్ కెనడాలో మేనేజరు. కోడలు వాడి వెంటే ఉంటుంది." ఆ మాట వీడియో కాల్‌లో నా ఎదటే అంది. చింతన్ దిద్దలేదు. రొట్టె తుంచుకుంటున్నాడు.

మోటెళ్ళు నడిపే మా గుజరాతీల్లో ఒక పద్ధతి ఉంది. పనికి ఒంటరి మనిషిని పెట్టుకోరు. జంటను పెట్టుకుంటారు. ఆఫీసు వెనక రెండు గదులిస్తారు, ఒక జీతం ఇస్తారు. మగవాడు కౌంటరు దగ్గర ఉంటాడు. ఆడమనిషి ఉంటుంది, అంతే. ఎక్కడ ఉంటుందో ఎవరూ రాయరు. మా యజమాని మనహర్ కాకా, బాబాయి వరస పిలుపు అది, నలభై ఏళ్ళ కిందట అలాగే మొదలుపెట్టాడు. సస్కాచెవాన్‌లో ఈ హైవే పక్కన ఇరవై రెండు గదుల మోటెల్‌కి పోయినేడాది ఏప్రిల్‌లో మమ్మల్ని పెట్టుకున్నప్పుడు, ముందున్న జంట వదిలిపోయిన కుర్చీల్లోనే మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు.

"జీతం ఒకటే. పేరు ఎవరిది రాయమంటారు?"

నేను నోరు తెరిచాను. చాయ్ కప్పులు అందిస్తున్న ఆయన భార్య కోకిలా కాకి, అంటే పిన్ని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"మగవాడి పేరే రాయించుకో బేటా. పేరుంటే కుదురుగా ఉంటారు. లేకపోతే రోజూ మొహం మాడ్చుకుని మన ప్రాణం తీస్తారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాది. ఆ తప్పు ఎవరి మీదకీ తొయ్యను. నా పర్మిట్‌కి ఇంకా రెండేళ్ళ ఎనిమిది నెలలు ఉందప్పుడు. అంత కాలం చూస్తే నిండు బిందెలా కనపడింది. "ఏడాది నా పేరు, తర్వాత నీ పేరు. వచ్చేది ఇద్దరికీ కదా" అన్నాడు చింతన్. నమ్మాను.

ఏడాది మొన్న ఏప్రిల్‌తో నిండింది. అడిగాను.

"మధ్యలో పేరు మారిస్తే కాయితాలు పాడవుతాయి. ఇంకొన్నాళ్ళు ఉండనీ" అన్నాడు.

కాకాని అడిగాను. నా పేరు కూడా చేర్చండి, సగం జీతమే వెయ్యండి అన్నాను. ఆయనకు నిజంగానే నొప్పి కలిగింది. "ఇంట్లో పనికి ఎవరైనా జీతం అడుగుతారా బేటా? ఇది నీ ఇల్లు కాదా?"

నా ఇల్లయితే అడ్డమైనవాడి వెంట్రుకలు నేనెందుకు ఏరుతాను?

అత్తగారికి ఆ సంగతి ఎలా చేరిందో చేరింది. "మొగుడితో పేరు కోసం పోటీ పడే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అంది. వీడియోలో ఆమె వెనక గోడకి మా మామగారి ఫోటో, దాని పక్కన దుకాణం పేరు పలక కనపడుతున్నాయి. ఆ దుకాణంలో ఆమె ముప్పై ఏళ్ళు అప్పడాలు ఒత్తి పెట్టింది. పలక మీద పేరు మామగారిది, ఇద్దరు కొడుకులది.

ఆగస్టులో ఒకనాడు పెద్ద గొడవైంది. మళ్ళీ అదే మాట మీద. చింతన్ కంచం ముందు కూర్చుని, గొంతు పెంచకుండా అన్నాడు. "చూడు ఫాల్గుని. అర్జీ నా పేరున వెళ్తుంది. అందులో భార్యని వెంట చేర్చుకుంటున్నారా అని ఒక ప్రశ్న ఉంటుంది. అవుననో కాదనో రాసేది నేను. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు."

చెప్పి, నేను వండిన ఖిచడీలో నేను కాచిన మజ్జిగ కఢీ పోసుకుని తిన్నాడు. మర్నాడు, ఊరికే అన్నానన్నాడు. ఊరికే అన్న మాటలే అసలు మాటలు. మనిషి కూడబలుక్కుని చెప్పేవి వేరే ఉంటాయి.

ఆ రోజు నుంచి రోజులు లెక్కపెడుతున్నాను. నా పర్మిట్ వచ్చే ఏడాది డిసెంబరు నాలుగుతో ఆఖరు. పన్నెండు నెలల పని నా పేరున నిండాలంటే ఈ డిసెంబరు మొదటివారంలోగా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. దాటితే ఇక ఈ జన్మలో నా సొంత అర్జీ అంటూ ఉండదు. చింతన్ రాసే అవును, కాదుల మీద బతకాలి. చింతన్ పనుల జాబితా అడిగిన రోజుకి నా చేతిలో అయిదు వారాలున్నాయి.

మధ్యాహ్నం బట్టల గదిలో రెండు యంత్రాలూ తిరుగుతుండగా, మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద కాయితం పెట్టుకుని జాబితా మొదలుపెట్టాను. చింతన్ చేసే పనులు. నిజం రాద్దామనుకున్నాను ముందు. మంచు పడితే ట్రక్కు ముందు పలక కట్టి దారి తీస్తాడు. బాగా తీస్తాడు, కాదనను. వేటగాళ్ళతో కబుర్లు చెబుతాడు. బల్బులు మారుస్తాడు, రెండుసార్లు గుర్తుచేస్తే. బ్యాంకుకి వెళ్ళొస్తాడు. నాలుగు వరసలయ్యాక కలం ఆగిపోయింది. దీనికి ఎవడూ మేనేజరనడు. కాబట్టి చింతన్ చేసే పనులని రాసి, నేను చేసేవన్నీ వరసగా పెట్టాను. గదుల కేటాయింపు. ఫోన్లో, కంప్యూటర్లో వచ్చే బుకింగులు. ఒకే గదిని ఇద్దరికి ఇచ్చినట్టు తేలితే రెండోవాడిని ఒప్పించి పక్క ఊరికి పంపడం. సబ్బులు, తువ్వాళ్ళు, గలీబులు ఎప్పుడు ఎన్ని తెప్పించాలో చూడటం. అగ్నిమాపక శాఖ వాళ్ళొస్తే రిజిస్టర్లు చూపించడం. బాయిలర్ మొరాయిస్తే ఎర్ర మీట మూడు క్షణాలు నొక్కి పట్టి, వదిలి, నూరు లెక్కపెట్టి మళ్ళీ నొక్కడం. చమురు బావుల కంపెనీతో నెలవారీ గదుల ఒప్పందం. తాగొచ్చి పక్క గది తలుపు తన్నేవాడితో మాట్లాడటం. అప్పుడు చింతన్ కర్టెను వెనక నిలబడతాడు. పోలీసులకు ఎప్పుడు ఫోన్ చెయ్యాలో, ఎప్పుడు చెయ్యకూడదో తెలిసి ఉండటం. రోజుకి పన్నెండు పద్నాలుగు గదులు తుడవడం రాయలేదు. మేనేజర్ తుడవడు. రాస్తూంటే నా అక్షరాలు పెద్దవవుతున్నాయి. కాయితం అటువైపు తిప్పాను. ముప్పై నాలుగు పనులు. ఏడాదిన్నరలో ఇన్ని చేశానని నాకే తెలీదు. ఇంత పని చేసిన మనిషికి ఈ దేశం రికార్డులో ఒక్క గంట లేదు. నేను ఎక్కడున్నానో చెప్పమంటే ప్రభుత్వం, ఈమె ఖాళీగా ఉంది అని చెబుతుంది.

కౌంటరు వెనక గోడ మీద ఒక ఫ్రేము ఉంది. బస చేసి వెళ్ళిన అతిథి ఒకడు ఇంటర్నెట్లో రాసిన పొగడ్తను కాకా అచ్చువేయించి అద్దం కట్టించాడు. 'ఈ హైవే మీద ఇంత శుభ్రమైన దుప్పట్లు ఎక్కడా చూడలేదు. మేనేజర్ చింతన్‌కి నమస్కారాలు.' ప్రతి గురువారం ఆ అద్దం తుడిచేది నేను.

బుధవారం వెరా కొజాక్ ఫోన్ చేసింది. ఊరి చివర రైతులందరూ కలిసి పెట్టుకున్న విత్తనాల ప్లాంటు ఉంది. గోధుమ, బఠాణీ విత్తనాలు జల్లెడపట్టి శుభ్రం చేసే చోటు. దానికి ఆమె మేనేజరు. అరవై దాటిన మనిషి, మాటకి ముందు దగ్గుతుంది. ప్రతి సీజనులో ఆమెకు తనిఖీ వాళ్ళ కోసం మూడు గదులు కావాలి.

"ఫాల్, ఈసారి వాళ్ళని వేటగాళ్ళ పక్కన పడెయ్యకమ్మా తల్లీ. పోయినసారి ఒకాయన పడుకోలేదుట. గోడ అవతల బాతులా కూతలు కూశాడుట ఎవడో."

"ఈసారి వెనక వరసలో ఇస్తాను. రెండు, మూడు, నాలుగు."

"నువ్వుండబట్టి సరిపోయింది. మా ఆఫీసులో పిల్ల పెళ్ళి చేసుకుని పోతోంది. నీలాంటి మనిషి దొరికితే వదలను. నీ చుట్టాల్లో ఎవరన్నా ఉంటే చెప్పు."

నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "నేనున్నాను."

అవతల దగ్గు వినపడింది. "నీకు ఉద్యోగం ఉంది కదే?"

"లేదు."

"లేదేంటి? ఏడాదిన్నర నుంచి నేను మాట్లాడుతున్నది ఎవరితో?"

"నాతోనే. జీతం నా భర్త పేరున వస్తుంది. నా పేరున ఏమీ లేదు."

వెరా ఒక బూతు మాట అంది. నన్ను కాదు. "శుక్రవారం నాలుగింటికి మా బోర్డు కూర్చుంటుంది. ముగ్గురు ముసలాళ్ళు. నువ్వేం పనులు చేయగలవో కాయితం మీద రాసి పట్టుకురా. ఆలస్యం చెయ్యకు, వాళ్ళు నాలుగున్నరకల్లా కాఫీ అంటూ లేచిపోతారు."

కాయితం మీద రాసే ఉంది. పైన పేరు మార్చి ఇంకో ప్రతి అచ్చుతీశాను.

శుక్రవారం మధ్యాహ్నం కాకా, కాకి రెజీనా నుంచి వచ్చారు. సంతకం పెట్టడానికి ఆయన వచ్చాడు. ఆమె ఎందుకొచ్చిందంటే ఆయనొచ్చాడు కాబట్టి. నేను పెనం మీద థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు, వేస్తుంటే వంటింట్లో స్టూలు మీద కూర్చుని పర్సులోంచి ఒక కవరు తీసింది.

"ఇదేమిటో చదివిపెట్టు బేటా. ఆయన్నడిగితే ఏమీ లేదులే అంటున్నారు."

వచ్చే ఏడాది ఆమెకి అరవై అయిదు. పెన్షన్ ఆఫీసు వాళ్ళు పంపిన కాయితం. ఈ దేశంలో ఆమె ఉన్న సంవత్సరాలు ఒక నిలువు వరసలో ఉన్నాయి. ఎదురుగా ఆ ఏడాది ఆమె పేరున పడిన సొమ్ము. మొదటి ఏడాది సున్నా. తర్వాత సున్నా. పేజీ తిప్పాను. సున్నాలే. నాలుగు మోటెళ్ళలో ముప్పై ఎనిమిదేళ్ళు దుప్పట్లు మార్చిన మనిషి. కుడి బొటనవేలు కీలు దగ్గర ఉబ్బిపోయి అటు తిరిగిపోయింది. పరుపు కిందకి దుప్పటి చివర తోసి తోసి వచ్చే వంపు అది. నా వేలు ఇప్పుడిప్పుడే సలపడం మొదలుపెట్టింది.

"ఏముంది?" అంది.

"మీరు ఇక్కడ ఒక్క రోజు కూడా పనిచెయ్యలేదని ఉంది కాకీ."

పకపకా నవ్వింది. "చూశావా! ముప్పై ఎనిమిదేళ్ళు మహారాణిలా కూర్చున్నానన్నమాట!" అని, కవరు మడిచి పర్సులో పెట్టుకుంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. కళ్ళు మాత్రం పెనం మీద ఉన్నాయి.

జాలి పడాల్సింది. పడలేదు. ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసి నాకు నేర్పింది ఈమే. తనకు జరిగింది తనకు తెలుసు. తెలిసే చెప్పింది.

మూడింటికి కన్సల్టెంటు హార్దిక్ భాయ్ లాప్‌టాప్‌లోకి వచ్చాడు. సంతకం ఒక్కటి సరిపోదట. ఇమిగ్రేషన్ ఆఫీసర్లు ఈ మధ్య ఫోన్ చేసి అడుగుతున్నారట, నిజంగా ఆ ఉద్యోగం చేస్తున్నాడా అని. అందుకని ఒకసారి రిహార్సల్ వెయ్యాలట. చింతన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటరు వెనక, ఆ ఫ్రేము కింద కూర్చున్నాడు. తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాడు. నేను రాసిన ముప్పై నాలుగు పనులు పక్కన పెట్టుకున్నాడు. మార్కులు పెట్టే మేష్టారులా కాకా ఎదురుగా కూర్చున్నాడు. నేను చింతన్ వెనక నిలబడ్డాను. అలా నిలబడమని ఎవరూ అనలేదు. ఏడాదిన్నరగా నా చోటు అదే.

"నేను ఆఫీసర్ని అనుకోండి. గదులెన్ని?" అన్నాడు హార్దిక్ భాయ్.

"ఇరవై రెండు."

"అందులో వంటగది ఉన్నవి?"

చింతన్ తల కొంచెం వెనక్కి తిరిగింది. నాలుగు వేళ్ళు చూపించాను.

"నాలుగు."

"చమురు కంపెనీతో ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది?"

"మార్చి" అని నేను గొణిగాను. "మార్చి" అన్నాడు గట్టిగా, ఎవరో కాదన్నట్టు.

"బాయిలర్ ఆగిపోతే ముందు ఏం చేస్తారు?"

చింతన్ కాయితంలో వెతికాడు. అది పంతొమ్మిదో వరసలో ఉంది. దొరకలేదు. "మెకానిక్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు.

"సరే. ఇరవై రెండు గదులు కదా. శుభ్రం చేసేవాళ్ళు ఎంతమంది? వాళ్ళకి పని ఎవరు పంచుతారు?"

కాకా కణత గోక్కున్నాడు. "ఆ ప్రశ్న వదిలెయ్యండి" అన్నాడు.

"నేను వదులుతాను కాకా, ఆఫీసరు వదలడు కదా."

"నేనే తుడుస్తానని చెబుతాను" అన్నాడు చింతన్.

"చంపావు! రోజంతా చీపురు పట్టుకుంటే నువ్వు మేనేజర్ ఎలా అవుతావు రా? పనివాడివి అవుతావు. అర్జీ అక్కడే పోతుంది" అని కాకా కేకేశాడు.

"అయితే ఎవరూ తుడవట్లేదంటాను."

"ఎవరూ తుడవకుండా ఎలా శుభ్రంగా ఉన్నాయండీ? దెయ్యాలొచ్చి తుడిచిపోతున్నాయా?" అన్నాడు హార్దిక్ భాయ్.

కాకా విరగబడి నవ్వాడు. చింతన్ కూడా నవ్వాడు. వంటింటి గుమ్మంలో కాకి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను ఎవరూ చూడలేదు. అక్కడ నేను నిలబడి ఉన్నానని ఒక్కరికీ గుర్తులేదు. కాస్త సిగ్గుపడి ఉంటే, ఒక్కడు నా వైపు చూసి నవ్వు ఆపి ఉంటే, ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఉండేది కాదులే.

హార్దిక్ భాయ్ కళ్ళు తుడుచుకుని తెర మీదికి వంగాడు.

"ఫాల్గుని బెన్, మీ భుజం కనిపిస్తోంది. కాస్త పక్కకి జరగండి. ఆఫీసరు చూస్తే భార్య వెనక నుంచి చెప్పిస్తోందనుకుంటాడు."

జరిగాను.

బల్ల మీద గుత్తిలోంచి కారు తాళంచెవి తీసుకున్నాను. ఈ ఇంట్లో నా పేరున ఉన్నది ఆ కారు ఒక్కటే. కొన్నప్పుడు చింతన్‌కి ఇంకా లైసెన్సు లేదు, అందుకని. కొక్కేనికున్న కోటు తీసుకున్నాను. రెండో ప్రతి జేబులోనే ఉంది. గడియారంలో మూడూ యాభై.

కాకి గుమ్మం దాకా వచ్చింది. "ఎక్కడికి? థేప్లాలు చల్లారిపోతున్నాయి."

"పనికి."

"మరి ఇక్కడ చేసేది పని కాదా?"

"మీ పర్సులో కాయితం ఉంది కాకీ. దాన్నడగండి."

ఆమె మొహం మీద నవ్వు అప్పుడు పోయింది. చెప్పినందుకు నాకేమీ బాధ కలగలేదు.

విత్తనాల ప్లాంటు ఆఫీసు నిండా దుమ్ము వాసన. బల్ల అవతల ముగ్గురు రైతులు టోపీలు తియ్యకుండా కూర్చున్నారు. వెరా నా కాయితం వాళ్ళ ముందుకు తోసింది. ఒకాయన మెల్లగా, వేలు పెట్టి చదివాడు. పంతొమ్మిదో వరస దగ్గర ఆగాడు.

"బాయిలర్ ఎర్ర మీట నొక్కాక నూరు లెక్కపెట్టాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అరవై లెక్కపెడితే అంటుకోలేదు. నూరుకి అంటుకుంది."

ఆయన పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు నన్నడిగాడు: "అక్కడ ఎవరి కింద పనిచేశావు?"

"ఎవరి కిందా కాదు. పైన పేరు వేరేవాళ్ళది, అంతే."

"ఈ గొంతే" అంది వెరా వాళ్ళతో. "ఏడాదిన్నర నుంచి ఫోనెత్తేది ఈ గొంతే. ఇంకే సాక్ష్యం కావాలి మీకు?"

జీతం ఎంతని నేను అడగలేదు. ఒకటే అడిగాను. చీటీ నా పేరున వస్తుందా? ఉత్తరంలో పనులు రాసిస్తారా? వెరాకి ఎందుకో కోపం వచ్చింది. "నీ పేరున కాకపోతే నా మొగుడి పేరున వస్తుందా? వాడు చచ్చి పదేళ్ళయింది" అంది. ముసలాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. నవంబరు పదిన రమ్మన్నారు. అప్పటి నుంచి లెక్కేస్తే పన్నెండు నెలలు నిండాక నా పర్మిట్‌లో ఇంకా ఇరవై అయిదు రోజులు మిగులుతాయి.

తిరిగొచ్చేసరికి కాకా వాళ్ళు వెళ్ళిపోయారు. ఉత్తరం కౌంటరు మీద ఉంది, సంతకంతో. చింతన్ చొక్కా మార్చుకోలేదు.

"నీకు మతి పోయిందా? కాకా ముందు నా పరువు తీశావు. నువ్వు ఆ దుమ్ములో పనికి పోతే ఇక్కడ గదులెవరు తుడుస్తారు?"

"దెయ్యాలు."

"ఫాల్గుని!"

"అరవకు. పక్క గదిలో తనిఖీ వాళ్ళున్నారు."

అతను కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. నాకు ఆ మెత్తదనం తెలుసు, గట్టిగా అరిచి పనిజరగనప్పుడు వస్తుంది. "మరి అర్జీ సంగతి? ఇన్నాళ్ళు కష్టపడింది మనిద్దరి కోసం కదా."

"కష్టపడింది నేను. నీ అర్జీ నువ్వు పెట్టుకో. ఆఫీసరు ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడు. నేనేమీ చెప్పను, అబద్ధమూ చెప్పను, నిజమూ చెప్పను. వచ్చే నవంబరులో నా అర్జీ నేను పెట్టుకుంటాను." కోటు విప్పి కొక్కేనికి తగిలించాను. "అందులో కూడా ఆ ప్రశ్న ఉంటుంది చింతన్. భర్తని వెంట చేర్చుకుంటున్నారా అని."

"ఏం రాస్తావు?"

"ఏడాది ఉంది కదా. చూస్తాను."

ఊరికే అన్నానని మర్నాడు నేను చెప్పలేదు.

నవంబరు పది, సోమవారం. బయట మైనస్ పదహారు. నా బల్ల మీద నా పేరు రాసిన ఫైలు ఒకటి పెట్టింది వెరా. లోపల ఒకటే కాయితం, పని మొదలైన తేదీ. గోడ అవతల జల్లెళ్ళు ఊగుతున్నాయి, నేల సన్నగా అదురుతోంది. పదిన్నరకి ఫోన్ మోగింది. చింతన్.

"తొమ్మిదో నంబరులో వేణ్ణీళ్ళు రావట్లేదు. వెనక వరసంతా చల్లబడిపోయింది. అందరూ కౌంటరు దగ్గరికొచ్చి నా మీద పడి అరుస్తున్నారు. ఆ ఎర్ర మీట ఎంతసేపు నొక్కాలి? ఎంత లెక్కపెట్టాలి? త్వరగా చెప్పు!"

అతని వెనక మనుషుల గొంతులు వినపడుతున్నాయి. ఆ ఫ్రేము సరిగ్గా అతని తల మీదే ఉంటుంది. మొన్న గురువారం దాన్ని ఎవరూ తుడవలేదు.

"మేనేజర్ని అడుగు" అన్నాను.